దిద్దని ముఖం

లోపల ఏముందో ఇంకా చూడనే లేదు, అప్పుడే ఇన్ని వందల లోపాలున్నాయని వీడికెలా తెలిసిందో, అనుకుంది ఆమె, కంప్యూటర్ తెర మీద ఎర్రగా కొట్టుకుంటున్న హెచ్చరిక చూసి, నాడి పట్టకుండానే మందు రాసే వైద్యుడన్నమాట, దాన్ని మూసేసి ఇంకో సైటు తెరిచింది, మీ కంప్యూటర్‌ను ఉచితంగా శుభ్రం చేస్తామంటున్నాడు, ఉచితంగా ఎందుకు చేస్తావు నాయనా, నేనేమన్నా నీకు మేనత్తనా, కింది దాకా వెతికినా అడ్రసు లేదు, ఫోన్ నంబరు లేదు, వీణ్ణి నమ్మితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే, ఫొటో స్టూడియో మొత్తం ఈ డబ్బాలోనే ఉంది, టీచరమ్మ వాళ్లాయనా ఇందులోనే ఉన్నాడు, పోయిన నెల పోయాడు పాపం, అంతకు వారం ముందే ఈ స్టూలు మీద కూర్చున్నాడు, కాలరు మడత పడింది సర్దనా అంటే, వద్దమ్మా, నేనెప్పుడూ ఇంతే, ఇలాగే తియ్యి అన్నాడు, ఇంకో కాపీ లేదు, కెమెరా కార్డు తనే తుడిచేసింది, సాయంత్రం టీచరమ్మ వస్తుంది, ఫైలేమో తెరుచుకోదు, కాపీ కాదు, కంప్యూటర్‌ను బాగుచేసే ప్రోగ్రాం కోసమే ఈ వెతుకులాట, తమ్ముడికి ఫోన్ చేస్తే అక్కా, నెట్‌లోంచి ఏదీ దించుకోకు, రేపొచ్చి చూస్తా అన్నాడు, వాడి రేపు ఏనాడొచ్చింది కనక.

ఈ సైటులో తృప్తిపడ్డ కస్టమర్లట, అందరూ పళ్లికిలిస్తున్నారు, ఏళ్ల తరబడి ఫొటోల్లో ముఖాలు దిద్దే మనిషి దగ్గరా ఈ వేషాలు, ఈవిడ నుదుటి మీద చర్మమే మిగల్లేదు, ఈ అకౌంటెంటు ఇందాకటి సైటులో డాక్టరు కదూ, పేరు మార్చుకున్నావు గానీ గడ్డం కింద మచ్చ మరిచిపోయావు, దొరికావురా దొంగా, మూసేసింది.

తర్వాతది వెలిసిపోయిన పేజీ, ఒక్కడే మనిషి, కళ్ల కింద సంచులు, నుదుట ముడతలు, ఒకవైపు మడతపడ్డ కాలరు, మా ఆవిడ కంప్యూటర్ కోసం ఈ ప్రోగ్రాం నేనే రాసుకున్నాను అంటున్నాడు, ఎవరూ దిద్దని ముఖం, హమ్మయ్య, ఇన్నాళ్టికి ఒక మనిషి కనిపించాడు, గుండె తేలికపడింది, వేలు డౌన్‌లోడ్ బటన్ మీదికి వెళ్లింది, ఇంతకీ ఎవరితను, బయట ఎవరైనా ఇతని గురించి ఏమైనా అన్నారా, చూడలేదు, కాలరు చూసింది అంతే, మొన్న లాయరు గారు తన ఫొటోలో ముడతలన్నీ తీసెయ్యమంటే, అన్నీ తీసేస్తే ఎవరూ నమ్మరండీ, రెండుంచుతాను అన్నది తనేగా, ఆ రెండూ ఎక్కడుంచాలో తెలిసినవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరనుకుందా, మౌసు వదిలేసి నెట్ వైరు పీకేసి టీచరమ్మకు ఫోన్ కలిపింది, ఈరోజు కాదండీ, కంప్యూటర్ మొరాయించింది, మా తమ్ముడు వచ్చి చూశాక చెప్తాను అంది, ఫొటో ఉంది కదమ్మా, అని మాత్రం అడిగింది టీచరమ్మ, ఉందండీ అంది, ఇంకొక్క నొక్కు నొక్కి ఉంటే ఆ మాట అనగలిగేదో లేదో, పొద్దుట్నుంచి లోకంలో అందర్నీ అనుమానించింది, తన కంటిని తప్ప.