పనిమనిషి పేరిట ఒక గది

జలపతిరావుకు అబద్ధమాడటం అలవాటు లేదు. అలవాటుంటే ఇంకాస్త చిన్న అబద్ధంతో పని కానిచ్చుకునేవాడు.

ఊళ్లో ఇంటికి తాళం వేసి, కరీంనగర్‌లో అద్దెకు దిగి కొన్నేళ్లయింది. మేడమీద రెండు గదులు, ఇరుకు మెట్లు. తల్లి పోయాక ఆయనకు తల్లయినా తండ్రయినా అక్క లీలాబాయే. చిన్నతనంలోనే ఐదోతనం పోయి పుట్టింటికి వచ్చి, తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది. ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఆ మెట్ల మీదే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కర్ర పట్టుకుని నడుస్తోంది గానీ, స్నానానికి పోవాలంటే ఒకరు పట్టుకోవాల్సిందే. ఆయన భార్య ప్రమోదినికి నడుంనొప్పి. పనికి పెట్టుకున్నవాళ్లు ఎవరూ నెల నిలవలేదు. చివరికి లీలాబాయే మాట ఎత్తింది.

"తమ్మీ, మంచిర్యాలల ముసలోళ్లను చూసుకునే ఆశ్రమం పెట్టిండ్రట గదా. నన్నాడ చేర్పియ్యరాదు? ప్రమోదిని గూడ మంచం వడితె నీకు బువ్వెవరు వెడ్తరు?"

రెండు రోజులు వద్దన్నాడు. మూడో రోజు ఒక్కడే మంచిర్యాలలో బస్సు దిగాడు.

ఆశ్రమం మేనేజరు జబ్బార్ నెమ్మదైన మనిషి. గదులు చూపించాడు, డిపాజిట్టు ఎంతో, నెలకు ఎంతో చెప్పాడు. గాలి వచ్చే గది ఒకటి చూసి జలపతిరావు బయానా ఇచ్చేశాడు. అప్పుడడిగాడు జబ్బార్.

"గామె మీకేమైతది సాబ్?"

ఆ క్షణంలో జలపతిరావు కళ్లముందు మెదిలింది అక్క కాదు, పది రోజుల్లో చొప్పదండిలో జరగబోయే మేనకోడలి పెళ్లి. ఇక్కణ్నించి మాట పొక్కిందంటే, పందిట్లో తన వాళ్లంతా కూర్చుని తమలపాకులు నములుతూ, 'తోడవుట్టినదాన్ని ఆశ్రమంల ఏసిండట' అంటారు. ఆ మాట పడటం కన్నా చావు నయమనుకునే దొరల కుటుంబం వాళ్లది.

"మా ఇంట్ల పనిచేసిన ముసలామె" అన్నాడు. "దిక్కులేదు."

జబ్బార్ లేచి నిలబడి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "పనిమనిషికి గింత జేసేటోళ్లు ఏడున్నరు సాబ్ గీ జమానల!"

అప్పుడైనా దిద్దుకోవచ్చు. కానీ మెచ్చుకోలు ఎవరికి చేదు? పైగా లీలాబాయి అంటే దొరలింటి ఆడబిడ్డని పసిగడతారని, పేరు 'లీలవ్వ' అని చెప్పాడు.

చేర్పించిన రోజు జబ్బార్ గుమ్మం దాకా ఎదురొచ్చి, "రా లీలవ్వా, మీ దొర మంచోడు" అన్నాడు. లీలాబాయి తమ్ముడి ముఖంలోకి చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకు.

"అవు సారూ, మా దొర బంగారమసుంటోడు" అంది.

జలపతిరావుకు ముందు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు బస్సెక్కాక వచ్చింది. ఆ సిగ్గుతోనే మళ్లీ అటు పోలేదు. నెల నెలా మనియార్డరు మాత్రం తప్పకుండా పంపాడు, అదేదో సరిపోతుందన్నట్టు.

దసరాకు రమ్మని జబ్బార్ కబురు పెట్టాడు. డబ్బు కట్టేవాళ్లంతా వస్తున్నారు, మీరు లేకపోతే ఎట్లా అని. తప్పనిసరై వెళ్లాడు. వరండాలో లీలాబాయి చాటలో బియ్యం ఏరుతోంది. మంచం మీద కూర్చున్న ఒకావిడ అక్కణ్నించే, "లీలవ్వా, జర గా చెంబందియ్యి" అని కేకేసింది. లీలాబాయి కర్ర ఊతంతో లేచి, కుంటుకుంటూ వెళ్లి అందించింది. ఇంకొకాయన చెప్పులు తెచ్చిపెట్టమన్నాడు. ఎవరి మాటలోనూ కాఠిన్యం లేదు. పనిమనిషికి పని చెబుతున్నారు, అంతే. గాలి వచ్చే గదికి డబ్బు కట్టి, అక్కను ఇంతమందికి పనిమనిషిని చేసి వచ్చాడు తను. వద్దని చెప్పాలన్నా ఏమని చెబుతాడు?

సాయంత్రం డబ్బు కట్టేవాళ్లకు కుర్చీలు వేశారు. మామూలుగా జమ్మి ఆకు చిన్నవాళ్లు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. దొరల ఇళ్లలో మాత్రం వయసుతో పనిలేదు. ముసలి జీతగాడైనా వచ్చి కుర్రదొర కాళ్లు మొక్కాల్సిందే. లీలాబాయి ఆ ఇళ్లలో పుట్టిన మనిషి, పద్ధతి ఎరుగును. చెప్పులు దూరంగా విడిచి, కొంగు భుజం నిండా కప్పుకుని, జమ్మి ఆకు పట్టుకుని వచ్చింది. "నీ బాంచెను దొరా" అంటూ వంగబోయింది. తుంటి వంగలేదు. పళ్లు బిగబట్టి మళ్లీ వంగింది.

తమ్ముడి పరువు కోసం ఆ విరిగిన ఎముకను కూడా వంచుతోంది ఆ తల్లి. జలపతిరావు ఇక కుర్చీలో ఉండలేకపోయాడు. ఆమె భుజాలు పట్టుకుని లేపి, తనే వంగి ఆమె కాళ్లకు మొక్కాడు.

చప్పట్లు మారుమోగాయి. "సూసిండ్రా, పనిమనిషి కాళ్లు మొక్కిండు దొర!" జబ్బార్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పనిమనిషి గాదు, నా తోడవుట్టింది" అన్నాడు జలపతిరావు.

చప్పట్లు ఇంకా పెరిగాయి. ఎంత పెద్దమనసు అన్నారెవరో. నిజం చెప్పినా మెప్పే వస్తోంది.

లీలాబాయి చెవి దగ్గర గుసగుసగా అంది. "ఊకో తమ్మీ. మంచి పేరే వచ్చె గదా. గిట్లనే ఉండనియ్యి."

ఉండనిస్తే ఎంత హాయి! ఆయన చెయ్యెత్తాడు. సద్దు మణిగేదాకా దించలేదు.

"జబ్బార్ సాబ్, నేను మీతోని అబద్ధం చెప్పిన. గీమె పేరు లీలాబాయి. మా బాపు పెద్దబిడ్డ. నన్ను సాదింది గీమెనే. అక్కను ఆశ్రమంల ఏసిండని నలుగురు నవ్వుతరని, పనిమనిషి అని చెప్పిన. మీరు నీళ్లు తెమ్మంటె తెచ్చింది మా అక్క. తప్పు మీది గాదు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జబ్బార్ తల దించుకున్నాడు. వరండాలో చెంబడిగినావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చొప్పదండి వాళ్లకు ఈ కబురు తెల్లవారేలోగా చేరుతుందని జలపతిరావుకు తెలుసు.

లీలాబాయి మెల్లగా వెళ్లి, తమ్ముడు లేచిన కుర్చీలో కూర్చుంది. కాళ్లు చాపుకుంది.

"తుంటి బాగ గుంజుతుంది తమ్మీ" అంది. "ఇన్నొద్దులు ఎవరికని జెప్పుకోను?"