కుడివైపు నుంచి మొదలైన బాగ్దాదు

జొన్నరొట్టెలు కాలుస్తూనే వహీదా బాగ్దాదుకు రంగు వేసింది. పొయ్యి పక్కన చార్టు, చిన్న గిన్నెలో నీళ్లు కలిపిన పసుపు. ఆర్మూరులో పసుపుకు కరువా? గుమ్మటాలన్నీ దానితోనే మెరిశాయి.

"ఏడో తరగతి పోరగాండ్లకు పాత రాజుల ముచ్చట చెప్పనీకి గింత సోకెందుకు? రొట్టె మాడుతది చూడు," అన్నాడు భర్త నసీర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

రొట్టె మాడలేదు. పదకొండేళ్ల కాపురంలో ఎన్ని మాడాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా ఆ మాట మాత్రం రోజూ పడాల్సిందే. అత్తగారికి మందులిచ్చి, అందరికీ టిఫిన్లు కట్టి, మిగిలిన ముక్కచెక్క సమయాల్లో వారం రోజులు కష్టపడి గీసిన చార్టు అది. సంవత్సరాలు రాయలేదు. పిల్లలు అంకెలు బట్టీ పట్టి కథ మర్చిపోతారని ఆమెకు మంట. అన్నీ బొమ్మలే. చైనా నుంచి వచ్చిన కాగితం, గ్రీకు పుస్తకాలను అరబీలోకి మార్చే పండితులు, నక్షత్రాలు చూసేవాళ్లు, చివరికి నగరాన్ని కూల్చిన మంగోలుల గుర్రాలు, వాళ్లు నదిలో పారేసిన పుస్తకాలు.

బడిలో హెడ్మాస్టర్ చార్టు చూసి మురిసిపోయాడు. మురిసిపోయి, తీసుకెళ్లి తోటి టీచరు సురేశ్ సార్ చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల తనిఖీకి పెద్ద సార్ వస్తున్నడు మేడం. సురేశ్ సార్ అయితే గట్టిగ చెప్తడు. మీరు జర ఛాయ్ సంగతి చూడుండ్రి."

ఇంట్లో మూసుకోవడం అలవాటైన వహీదా నోరు బడిలోనూ మూసుకుంది. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఛాయ్ ట్రేతో ఆమె ఏడో తరగతి గుమ్మంలోకి వచ్చేసరికి, సురేశ్ చార్టు ఎడమ అంచున కర్ర పెట్టి చెబుతున్నాడు. "మొదలు మంగోలులు పుస్తకాలన్నీ నదిల పారేసిండ్రు. తర్వాత పండితులు వాటిని అరబీలకు మార్చిండ్రు."

పిల్లలు కిసుక్కుమన్నారు. పసుపు రైతు బిడ్డ భూమిక లేచి నిలబడింది.

"నీళ్లల్ల మునిగినయి ఎట్ల సదివిండ్రు సార్? మా మేడం ఏ బొమ్మలేసినా గీ పక్కకెల్లి షురూ అయితయి." ఆ పిల్ల వేలు కుడివైపు చూపించింది.

వహీదా గతుక్కుమంది. కుడివైపు నుంచి రాసే ఉర్దూలో చదువుకున్న చెయ్యి ఇన్నేళ్లూ తనకు తెలియకుండానే చరిత్రను కుడి నుంచి ఎడమకు నడిపించింది. పిల్లలు దాన్ని తప్పనుకోలేదు. మా మేడం పద్ధతి అనుకున్నారు, గుర్తుపెట్టుకున్నారు.

"ఎవరమ్మా మీ మేడం?" తనిఖీకొచ్చిన పెద్ద సార్ అడిగాడు. హెడ్మాస్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

వహీదా తిన్నగా నడిచి వెళ్లి, సురేశ్ చేతిలోని కర్ర తీసుకుని, ఆ చేతుల్లో ట్రే పెట్టింది.

"ఛాయ్ సల్లారుతది సార్. జర మీరు చూడుండ్రి. పాఠం నేను చెప్త."

ఆమె చార్టు కుడి అంచుకు వెళ్లి నిలబడింది. తరగతిలోని తలలన్నీ అటు తిరిగాయి.