బానిసత్వం పాత్ర ఖాళీ

బైనా పిన్ని నాటకంలో పాత్రలు నాలుగే: ఉత్తరం, దక్షిణం, బానిసత్వం, స్వేచ్ఛ. మూడింటికి మనుషులు దొరికారు. బానిసత్వం పాత్ర ఖాళీ. ఖాళీ పాత్రని పొయ్యి మీద ఉంచితే మాడుతుంది, డిసెంబరంతా పిన్ని అలాగే మాడింది.

కొత్త సంవత్సరం మొదటి రోజంటే మా దీవిలో మాకు బానిసత్వం నుంచి విడుదల వచ్చిన రోజు. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం కాల్చిన పంది, సాయంత్రం చర్చి వాకిట్లో ఏదో ఒక ఆట. ఈసారి ఆ విడుదల తెచ్చిన ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల యుద్ధం మీద ఆట. అది పిన్ని తన కూతురి కోసమే కట్టిందని అందరికీ తెలుసు. లూసిండా మర్నాడే పడవెక్కి అవతలి ఒడ్డున బడిలో పంతులమ్మగా చేరబోతోంది. బడివాళ్ళు పంపిన చరిత్ర పుస్తకంలో, ఉత్తరం దక్షిణం కొట్టుకున్నది పన్నుల కోసమూ, రాష్ట్రాల పెత్తనం కోసమూ అని ఉంది. యుద్ధం అయ్యాక పుట్టిన పిల్ల, అచ్చులో ఉన్నది నమ్మింది.

"అంతమంది చచ్చింది పన్ను కోసమా? ఏ పన్నే అది, ముందు పన్నా, దవడ పన్నా?" అంది పిన్ని.

"నువ్వు చెప్పేది మన దీవి కథమ్మా. ఇది దేశం కథ."

"మా అక్కని అమ్మింది దేశంలో కాదూ?"

లూసిండా పుస్తకం మూయలేదు. అవతలి ఒడ్డున పిల్లలందరికీ తన కూతురు ఆ పుచ్చుపన్నే అంటగడుతుందని పిన్ని బెంగ. మాటతో అయ్యేలా లేదు, పడవెక్కేలోగా కళ్ళకి కట్టాలని ఆట కట్టింది.

ఉత్తరం వేషం మింగోది. ఆటలో నిజం అన్నం, నిజం గుల్లల కూర వడ్డిస్తారని తెలిసి ఒప్పుకున్నాడు. ఆ పేరు వాళ్ళమ్మ తెలిసే పెట్టి ఉంటుంది. దక్షిణం రెంటీ. రెంటికీ పనికొచ్చే మనిషేగానీ దొరల్లాంటి గడ్డం చూసి దక్షిణానికి వేశారు. స్వేచ్ఛ సాక్షాత్తూ పిన్నే, తెల్ల గౌను గంజిపెట్టి సిద్ధంగా ఉంచుకుంది. బానిసత్వం దగ్గరే బండి ఆగింది. కారణం మా ఊరి అలవాటు. ఇక్కడ మనిషికి చర్చి పెట్టిన పేరొకటి, ఊరు పెట్టిన పేరొకటి. ఊరు పెట్టిందే చచ్చేదాకా ఉంటుంది. ఎప్పుడో క్రిస్మస్ ఆటలో గాడిద వేసిన సిపియో ఇప్పటికీ గాడిదే. వాళ్ళావిడ కూడా "గాడిదా, అన్నం చల్లారిపోతోంది" అనే పిలుస్తుంది.

"నువ్వెయ్యరా సిపియో, నీకు పేరు భయం లేదుగా," అని బతిమాలింది పిన్ని.

"వద్దు పిన్నీ. బానిసత్వం పోయిందని ఊరంతా పండగ చేసుకుంటుంటే, నన్ను చూపించి 'ఎక్కడ పోయిందీ, ఇదుగో పంది మాంసం తింటోంది' అంటారు. నా గాడిదతనం నాకు చాలు."

అందరిదీ అదే మాట. చివరికి ఆ వేషానికని పాత కొట్టంలోంచి తెచ్చిన, ఒకప్పుడు మమ్మల్ని కొరడాతో కాసిన మేస్త్రీ నల్లకోటు, చెదలు తిన్న టోపీ చర్చి గోడ మేకుకి వేలాడుతూ ఉండిపోయాయి.

సాయంత్రమైంది. జనం నిండారు. లూసిండా ముందు వరసలో కూర్చుంది. నేను తెరచాప గుడ్డ పక్కకి లాగాను. ఆటలో దేశమంటే ఒకే ఇల్లు, బల్లకి చెరోవైపు మింగో, రెంటీ.

"నేను ఇల్లు వదిలి పోతున్నా," అని లేచాడు రెంటీ.

"ఎందుకూ?"

ఇక్కడ బానిసత్వం రావాలి. రాలేదు. రెంటీ మేకు వైపు చూశాడు, నా వైపు చూశాడు, లూసిండా పుస్తకంలో మాటే గుర్తొచ్చి అనేశాడు: "పన్ను... పన్ను ఎక్కువైంది."

"ఓస్, తగ్గిస్తాలే. కూర్చో."

"నా ఇంట్లో పెత్తనం నాదే."

"నీదేలే, ఎవడు కాదన్నాడు? ఆ గుల్లల కూర ఇటు జరుపు."

రెంటీ జరిపాడు. కూర్చున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచక తనూ వడ్డించుకున్నాడు. ఇద్దరూ తింటున్నారు. జనం ఎదురుచూశారు. మింగో రెండోసారి అన్నం పెట్టుకున్నాడు.

"మింగోమావా, యుద్ధమెప్పుడు?" అని వెనకనించి ఎవరో అడిగారు.

"దేనికిరా యుద్ధం? కూర ఇంకా ఉంది," అన్నాడు మింగో.

నవ్వు అలలా లేచింది. అందరికంటే గట్టిగా నవ్వింది లూసిండానే, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. తుడుచుకుంటూనే పక్కకి చూసింది. తెర వెనక వాళ్ళమ్మ తెల్ల గౌనులో నిలబడి ఉంది. బానిసత్వం వస్తేగానీ స్వేచ్ఛకి ఆటలో పని లేదు. లూసిండా నవ్వు ఆగింది. పన్నూ పెత్తనమూ తేలిపోయి తీరిగ్గా తింటున్న ఇద్దరినీ ఇంకోసారి చూసింది. లేచింది, మేకు దగ్గరికి నడిచింది, కోటు తొడుక్కుంది, టోపీ పెట్టుకుంది.

బల్ల దగ్గరికెళ్ళి రెంటీ భుజం మీద చెయ్యి వేసి, జనంలోకి వేలు చూపిస్తూ అంది: "ఆ తల్లి ఉంటుంది. ఆ పిల్లని అమ్మేస్తాం."

ముసలమ్మ ఒకతె పక్కనున్న మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. మింగో చెంచా కింద పెట్టాడు. వాడు కూర ఉండగా చెంచా దింపడం నేను చూడటం అదే మొదలు.

"ఈ బానిసత్వం నీ వైపు ఉంటే ఉండనీ," అన్నాడు మింగో. "మనింటికి కొత్తగా కలిసిన పొలాల్లోకి మాత్రం తేకు."

"తెస్తా. ఇది లేందే నాకు పత్తి లేదు, పరుపు లేదు, పరువు లేదు."

"తేనివ్వను."

"అయితే ఇల్లు వదిలి పోతున్నా," అన్నాడు రెంటీ, ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు. బల్ల తిరగబడింది. గుల్లల కూర దక్షిణం గడ్డం నిండా పారింది.

ఇంక స్వేచ్ఛని ఆపేవాళ్ళు లేరు. పిన్ని చీపురు పుచ్చుకుని దూకింది. కోటు ముందు, గౌను వెనక, వాకిలంతా పరుగు. ముసలమ్మలు కర్రలతో నేల కొడుతూ పాట ఎత్తుకున్నారు, సిపియో అడ్డం పడ్డాడు, ఊరంతా బానిసత్వాన్ని సముద్రం దాకా తరిమింది. మోకాటి లోతు నీళ్ళలో తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని రొప్పుతూ నవ్వుతున్నారు. కోటు తడిసి బరువెక్కింది.

"ఒసే, నీ పుస్తకం ఏమంటుందిప్పుడు?" అంది పిన్ని.

"ఏమన్నా అననీ అమ్మా. ఆ పేజీ వచ్చినరోజు పుస్తకం మూయించి, ఇద్దరు పిల్లల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి ఇదే ఆడిస్తా."

"బానిసత్వం వేషం ఏ పిల్లకి కడతావే? ఏ తల్లి ఊరుకుంటుంది?"

"పిల్లలకెందుకూ, నేనే వేస్తా. తరమడం వాళ్ళ పని," అని లూసిండా కోటు విప్పకుండానే ఒడ్డుకి నడిచింది.