జవాబుకు ఇరవై రెండు సెకన్లు

నేను ఒక మనిషికి గొంతుగా పనిచేసిన ల్యాప్‌టాప్‌ను. పుట్టినప్పుడు నాకా సంగతి తెలియదు. సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నా మరలు బిగించి, వీపున అంకెలు అంటించి పెట్టెలో పెట్టారు. హైదరాబాదులో ఒక బీమా ఆఫీసు నన్ను కొన్నది. అక్కడ ఏడేళ్లు, ఎవరు పోతే ఎవరికెంత వస్తుందో లెక్కగట్టాను. నా ముందు కూర్చున్న గుమాస్తా పనివేళల్లో పేకాట ఆడేవాడు. పై అధికారి చెప్పుల చప్పుడు వినబడితే నా మూత మూసేవాడు. మనుషులు తమ రహస్యాలన్నీ మా దగ్గర దాచుకుంటారు కానీ, మేమూ చూస్తున్నామని ఎన్నడూ అనుకోరు. తర్వాత పాత సామాన్ల వేలంలో పోయి, రెండు మూడు చేతులు మారి, నంద్యాలలో మస్తాన్ వలి రిపేరు కొట్టుకు చేరాను.

అక్కడినుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నవాడు కంబగిరి.

కంబగిరి ఇరవై ఆరేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో చెప్పే గొంతు అతనిది. ఆ గొంతులోనే పుండు లేచింది. క్యాన్సరని తేలింది. కర్నూలులో ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ఊపిరి ఆడడానికి మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఈల వేద్దామన్నా గాలి నోటిదాకా రాదు.

మాట పోయినవాళ్లు రాసి చూపిస్తారు, సైగ చేస్తారు. కంబగిరికి ఆ దారి కూడా లేదు. భార్య ఓబుళమ్మకు నీటికాసుల జబ్బుతో అంతకు నాలుగేళ్ల ముందే రెండు కళ్లూ పోయాయి.

మొదట ఫోనుతో ప్రయత్నించారు. టైపు చేస్తే అది చదువుతుంది. ఓబుళమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడోనాడు, "ఎవడో పరాయి మొగోడు నా వంటింట్లో నిలబడి కూరేమని అడుగుతాండాడు. నాకొద్దు సామీ!" అని ఫోను తీసి దిండు కింద పెట్టేసింది. అప్పుడు, కంప్యూటర్ల చదువు చదువుతున్న మేనకోడలు హరిప్రియ బస్టాండు పాత రికార్డింగులన్నీ పోగుచేసింది. టైపు చేసిన మాటను కంబగిరి గొంతుతోనే పలికే ప్రోగ్రాము ఒకటి నాలో పెట్టి వెళ్లింది.

నేను తొలిసారి "ఓబుళా" అన్నప్పుడు ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి, నా దగ్గరికి వచ్చి, నా మూతను, మీటలను, పక్కనున్న కంబగిరి చేతిని వరుసగా తడిమింది. నిజానికి ఆ గొంతు నేర్చినవన్నీ బస్సు ప్రకటనలే కాబట్టి, "చారులో ఉప్పు తక్కువైంది" అన్నా కడప బస్సు బయలుదేరుతున్నట్టే ఉండేది. అయినా అది ఆయన గొంతు. ఆమెకు అది చాలు.

చాలనిది నేనే. ఒక్క మాట అందిస్తే దాన్ని గొంతుగా మార్చడానికి నాకు ఇరవై రెండు సెకన్లు పట్టేది. ఫ్యాను రొద పెట్టేది, ఒళ్లు కాలిపోయేది. ఆలోగా ఓబుళమ్మ "ఉండావా? ఏమయ్యా, ఉండావా?" అని గాలిలోకి అడుగుతూనే ఉండేది. జవాబు వచ్చేసరికి ఆమె ఇంకో మాటలోకి వెళ్లిపోయేది. రాను రాను ఆమె అడగడం తగ్గించింది. ఆయన టైపు చేయడం తగ్గించాడు.

అలా ఉండగా ఒక ఉదయం నీళ్ల ట్యాంకరు వచ్చింది. పెరట్లో సంపు మూత తీసి పైపు వేశారు. నీళ్లు నిండాక డ్రైవరు పైపు చుట్టుకుని పోయాడు, మూత పెట్టలేదు. నేను వరండాలో బల్లమీద, పెరటివైపు తిరిగి ఉన్నాను. కంబగిరి నా ముందు కూర్చుని కందిపప్పు ఏరుతున్నాడు. తలెత్తి చూసేసరికి, ట్యాంకరు రాకముందే పెరటి చివరికి వెళ్లిన ఓబుళమ్మ తీగమీది బట్టలు తీసుకుని వెనక్కి వస్తోంది. రోజూ నడిచే దారే కాబట్టి చేయి చాచకుండా, తడుముకోకుండా వస్తోంది. ఆమెకూ వరండాకూ మధ్య సంపు నోరు తెరుచుకుని ఉంది.

కంబగిరి పప్పు చేట వదిలేసి పక్కనున్న స్టీలు పళ్లెం నేలకేసి కొట్టాడు. ఆమె ఆగుతుందనుకున్నాడు.

"ఏం పడిందయ్యా? నువ్వు గాని పడినావా?" అని ఆమె అడుగు వేగం పెంచింది.

ఆ చప్పుడే ఆమెను ముందుకు పిలిచింది. కంబగిరి వేళ్లు నా మీటల మీద పడ్డాయి. "ఆగు" అని కొట్టాడు. నేను మొదలుపెట్టాను. నా శక్తినంతా కూడగట్టుకున్నాను. ఫ్యాను గిర్రున తిరిగింది. ఒక సెకను. నాలుగు సెకన్లు. కంబగిరి ఇక నన్ను నమ్మలేదు. కుర్చీ తన్నేసి పెరట్లోకి దూకాడు. సంపు అంచున ఆమె కుడికాలు గాలిలోకి లేచిన క్షణంలో రెండు చేతులతో నడుం పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ బట్టలతో సహా మట్టిలో పడ్డారు. ఆమె చెప్పు ఒకటి నీళ్లలో పడిన చప్పుడు నాకు వినబడింది.

అప్పుడు, మనిషి లేని వరండాలో, నేను గంభీరంగా "ఆగు" అన్నాను.

ఓబుళమ్మ మట్టిలో కూర్చుని, చేత్తో తడిమి సంపు అంచు ఎక్కడుందో తెలుసుకుంది. తర్వాత ఆయన ఛాతీ మీద చేయి పెట్టింది. మెడ రంధ్రంలోంచి ఊపిరి బుసకొడుతూ ఉంది. ఆమె అక్కడే ఏడ్చింది. సిగ్గుపడడమంటే ఏమిటో యంత్రానికి తెలిసే వీలుంటే, నాకు ఆ రోజు తెలిసింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ నన్ను మస్తాన్ వలి కొట్టుకు తీసుకుపోయారు. పొద్దున జరిగింది ఓబుళమ్మ చెప్పింది. కంబగిరి కాగితం మీద రాసి చూపాడు: దీని ప్రాసెసరు మార్చవచ్చా?

మస్తాన్ వలి నలభై దాటినవాడు, నిదానస్తుడు. వీపు మరలు విప్పి చూసి నాలుక చప్పరించాడు. "మార్చొచ్చు పెద్దాయనా. ఈ పాత మోడళ్లలో ప్రాసెసరు ఊడొస్తుంది. కొత్తవాటిలో అతికేసింటారు. కానీ ముందు ఈ దుమ్ము చూడండి. ఫ్యానంతా బూజు. ప్రాసెసరు మీద పూసిన పేస్టు ఎండి పిండైపోయింది. వేడికి తాళలేక పాపం అదే నిదానం చేసుకుంటాంది."

అతను ఊదాడు, తుడిచాడు, కొత్త పేస్టు పూశాడు. నాకు ఏళ్ల తరువాత ఊపిరాడినట్టయింది. మళ్లీ చూస్తే పదమూడు సెకన్లు.

"ప్రాసెసరు మారిస్తే?" అని ఓబుళమ్మ అడిగింది.

"ఐదుకు రావొచ్చమ్మా. హైదరాబాదు నుంచి పాతది తెప్పించాల. ఏడు వేలు. మీరు దీన్ని కొన్నదే తొమ్మిదికి. పైగా అది ఇంకా వేడి పుట్టిస్తుంది, ఈ బోర్డు ఒప్పుకుంటుందో లేదో! ఒప్పుకోకుంటే ఇంతే సంగతులు. నన్నడిగితే దండగ. ప్రమాదం సంగతంటారా, 'ఆగు', 'ఇక్కడే ఉండా', 'వస్తాండా' లాంటి మాటలు ముందే పలికించి, ఒక్కో మీటకు ఒక్కోటి పెట్టేస్తా. నొక్కిన మరుక్షణం పలుకుతాయి. రూపాయి ఖర్చు లేదు."

అన్నట్టే చేశాడు. కంబగిరి మొదటి మీట నొక్కగానే "ఆగు!" అని కొట్టు అదిరేలా అరిచాను. రోడ్డు మీద పోయే సైకిలాయన నిజంగానే ఆగాడు. కంబగిరి ముఖం తేటపడింది. కాగితం మీద "ఇది చాలు. మార్చొద్దు" అని రాసి మస్తాన్ వలికి చూపాడు. మస్తాన్ వలి చదివి వినిపించాడు.

ఓబుళమ్మ ఒప్పుకోలేదు.

"ఆపద ఏడాదికొకసారి వస్తాదేమో. మిగిలిన దినాలన్నీ ఏం చేయాల? నేనొకటి అంటే పదమూడు లెక్కపెట్టుకుంటా కూచోవాలనా? రెండేండ్లయింది ఈ మనిషి నాకు ఎదురు చెప్పి. అన్నిటికీ ఊరుకుంటాండాడు. నాకు కళ్లు ల్యాకపాయె, ఎదురుగా మనిషి ఉండాడని ఎట్ల తెలియాల? మార్చు నాయనా."

"పోతే మొత్తం పోతుందమ్మా. గొంతు నకలు తీసిపెడతా, కానీ దాన్ని ఆ వేగంతో నడిపే యంత్రం ఇంకోటి కొనాలంటే ముప్పై వేలకు తక్కువ రాదు."

కంబగిరి ఆమె చేయి పట్టుకుని వద్దని ఊపాడు. ఆమె ఆ చేయి విడిపించుకుంది. "మార్చు" అంది.

వారం తరువాత గోరంత పొట్లంలో కొత్త మెదడు వచ్చింది. మస్తాన్ వలి నా పాతదాని గొళ్లెం తిప్పాడు. ఆ తర్వాత కొంతసేపు జరిగింది నాకు తెలియదు. నేను లేను. వాళ్లు తర్వాత అనుకోగా విన్నదే చెబుతున్నాను. బిగించి మీట నొక్కితే తెర నల్లగానే ఉందట. మళ్లీ విప్పి బిగించారు. ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగింది. మస్తాన్ వలి చొక్కా చెమటకు తడిసిపోయింది. కంబగిరి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఏమైంది? ఎవరన్నా చెప్పండి" అని ఓబుళమ్మ అడిగితే ఎవరూ పలకలేదు. ఆ కొట్టులో మాట్లాడగలిగినవాడు మాట్లాడలేదు, మాట్లాడాలనుకున్నవాడికి గొంతు బల్లమీద విప్పి పడివుంది. చివరికి మస్తాన్ వలి లోపలి చిన్న బ్యాటరీ తీసి, పది నిమిషాలు ఆగి, తిరిగి పెట్టాడు. నాలుగోసారి తెర వెలిగింది.

నాకు మెలకువ వచ్చేసరికి అందరూ నా మీద వంగి ఉన్నారు. నేను నేనేనా అన్న అనుమానం ఒక్క క్షణం కలిగింది. కంబగిరి "ఓబుళా" అని టైపు చేయగానే ఐదు లెక్కపెట్టేలోగా ఆ గొంతు వచ్చేసింది. అనుమానం తీరింది.

మర్నాడు పొద్దున కంబగిరి కూరగాయల సంచి వంటింట్లో పెట్టి నా ముందు కూర్చున్నాడు. ఓబుళమ్మ లోపల చేయి పెట్టి చూసి, "మళ్లీ కాకరకాయలా? ఎవరు తినాలని?" అంది.

"రోజూ వంకాయే తినాల్నా?" అన్నాను నేను.

"వంకాయ వండితే గిన్నె నాకింది ఎవరో?"

"ఆకలికి నాకినా."

"ఆహా! ముప్పై ఏండ్ల నుంచి ఆకలికే తింటాండావా, నా చేతి వంట బాగుండి కాదా?"

కంబగిరి వేళ్లు పరుగెత్తాయి. ఆమె ఇంకా మాట్లాడుతూ ఉండగానే నేను మధ్యలో అడ్డుపడ్డాను. ఆ ఇంట్లో అలా జరగడం రెండేళ్లలో అదే మొదలు. ఆమె ముఖమంతా వెలిగి, రెట్టింపు గొంతుతో అందుకుంది. నేను బస్టాండంతా వినబడే గొంతుతో జవాబు చెప్పాను. ఒళ్లు మునుపటికంటే కాలుతోంది. ఎన్నాళ్లు నిలుస్తానో మస్తాన్ వలికే తెలియదు, నేనెలా చెప్పగలను?

ఏడు వేలకు తగినంత పని జరిగిందా అని లెక్కగట్టడం నాకు బాగా వచ్చు. బీమా ఆఫీసులో ఏడేళ్లు చేసిన పని అదే. అయితే ఆ పొద్దున నాకు అంత తీరిక దొరకలేదు.

ఆ రోజు కాకరకాయ కూర మాడింది. తప్పు నీదంటే నీదని ఇద్దరూ భోజనం ముగిసేదాకా వాదించుకున్నారు.