పార్వే

గురువారం లోపల చెయ్యవలసిన పనులివి. టీచరు గారి ఇంటి తాళాలు ఏజెంటుకి ఇవ్వాలి. పుస్తకాల పెట్టెలు బడికి చేర్చాలి. గుమ్మానికి ఉన్న ప్రార్థన డబ్బీ ఊడదీసి గుడ్డలో చుట్టాలి. మందుల చీటీలు సిడ్నీ డాక్టరుకి పంపాలి. మాంసం వండే గిన్నెలు మా అమ్మకి అప్పగించాలి. గిటెల్ టీచరు గారిని హోటలుకి తీసుకెళ్ళి భోజనం పెట్టించాలి.

ఆఖరిది తప్ప అన్నీ అయిపోయాయి.

మా నాన్న మా పేట కాల్‌ఫీల్డ్‌లో రొట్టెల బండి తోలేవాడు. మా ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. పైసా తీసుకోకుండా నాకు సాయంత్రాలు చదువు చెప్పింది గిటెల్ వైన్‌రీబ్ టీచరు గారు. నాకు ఉద్యోగం వచ్చాక ఏం కావాలో అడగమంటే, హోటల్లో ఒక పూట భోజనం చాలన్నారు. జీవితమంతా తన వంట తనే తిన్నారట. ఎదురుగా ఎవరో నిలబడి "ఏం తెమ్మంటారు?" అని అడిగితే ఎలా ఉంటుందో చూడాలట.

ఇంతలో ఆవిడ చూపు మందగించింది. సిడ్నీలో ఉన్న మేనకోడలు అక్కడి వృద్ధాశ్రమంలో గది చూసి, గురువారానికి టిక్కెట్టు కొనేసింది. అవి మా యూదులం వెనకటి మా ఆలయం కూలిన దుఃఖాన్ని పాటించే తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో మేం మాంసం ముట్టం. మాంసమూ పాలూ కలపకూడదు గనక మా హోటళ్ళు మాంసానివైనా అవుతాయి, పాలవైనా అవుతాయి. మాంసం హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. పాల హోటళ్ళకి వెళ్దామంటే టీచరు గారికి పాలు విషం. చిటికెడు వెన్న తగిలినా గొంతు వాచిపోతుంది.

ఇక కావలసింది మాంసమూ పాలూ రెండూ లేని చోటు. దాన్ని మేం పార్వే అంటాం. ఊరంతా ఫోన్లు చేశాను. ఒకరు జున్ను లేకుండా అట్టు వేస్తామన్నారు, కానీ పెనం అదే. ఇంకొకరు, తొమ్మిది రోజులు ఓపిక పట్టలేరా అని నవ్వారు. చివరికి పక్క పేట బాలక్లావాలో హిర్షల్ అనే ఆయనది, చేపలు వేయించి పెట్టే కొట్టు దొరికింది. చేప మా లెక్కలో మాంసం కాదు. పార్వేనా అని అడిగాను. అక్షరాలా పార్వే, మతగురువు రబ్బీ గారిచ్చిన అనుమతి కాగితం గోడమీదే ఉందన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ట్రామ్‌లో వెళ్ళాం. వాన, చలిగాలి. టీచరు గారు మంచి కోటు వేసుకుని, ముత్యాల పిన్ను పెట్టుకున్నారు. కొట్లో మూడే బల్లలు. హిర్షల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం తెమ్మంటారు, పెద్దమ్మా?"

ఆవిడ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. చాలాసేపు ఆలోచించారు. అసలు జవాబు చెప్పే తొందరే లేదు ఆవిడకి. తర్వాత, చేపకి అద్దే రొట్టెపొడి డబ్బా ఒకసారి చూపించమన్నారు. డబ్బా నా చేతికిచ్చి, అడుగున సన్న అక్షరాలు చదవమన్నారు.

చదివాను. పార్వే. పాల వస్తువులు చేసే యంత్రాలమీద తయారైనది.

మా శాస్త్రానికి అది చాలు. అందులో పాలు కలపలేదు గనక అది పార్వేనే. హిర్షల్ చెప్పింది అబద్ధం కాదు, నేను అడిగింది తప్పూ కాదు. మావాళ్ళెవరైనా అదే మాట అడుగుతారు, అదే జవాబు చెబుతారు. కానీ టీచరు గారి గొంతుకి శాస్త్రం తెలియదు. కిందటేడు అలాంటి బిస్కెట్టు తినడంవల్లే ఆవిడ అంబులెన్సు ఎక్కారు. పొడి లేకుండా వేయించమంటే, కొట్లో ఉన్న నూనె మూకుడు ఒక్కటే. అంతా అందులోనే.

హిర్షల్ తల గోక్కున్నాడు. "ఈ తొమ్మిది రోజులు మొదలైనప్పట్నుంచీ జున్ను లేదా అని నన్ను తిట్టిపోస్తున్నారు జనం. జున్ను వాసన కూడా వద్దనేవారు మీరొక్కరే వచ్చారు పెద్దమ్మా. మీకు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది."

నారింజపండు ఉందా అని అడిగారావిడ. ఉంది. తొక్కతోనే, కాగితం పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. నాకు చేప వచ్చింది. నేను ముట్టలేదు.

"తిను, తిర్జా. చల్లారిపోతుంది."

"మీరు తినకుండానా?"

"తింటున్నాగా." తొనలు ఒకటొకటే వలుచుకుంటున్నారు. "పార్వే అంటే ఏమిటో నీకు చదువులో చెప్పలేదు నేను. నన్ను చూడు. ఒకరి పెళ్ళాన్ని కాను, ఒకరి తల్లిని కాను. ప్రతి పండక్కీ ఎవరో ఒకరు కుర్చీ వేస్తారు. ఏ బల్ల దగ్గరైనా ఇమిడిపోతాను, ఎవరికీ అడ్డం రాను. కానీ గిటెల్ రాలేదేమని ఏ ఇంట్లోనూ వంట ఆపలేదమ్మా."

మా ఇంట్లోనూ ఆపలేదు. చేప తిన్నాను, ఆవిడ చూస్తున్నారని.

మర్నాడు విమానం ఎక్కించాను. మరుసటేడు పస్కా పండగకి ముందు, సిడ్నీలో నిద్రలోనే పోయారు. పోయినవాళ్ళ కోసం పిల్లలు చదవాల్సిన ప్రార్థన చదవడానికి పిల్లలు లేరు. మా నాన్న చదువుతానన్నాడు. కానీ ఆయనా పెద్దవాడయ్యాడు, తర్వాత నేను, నా తర్వాత ఎవరో తెలియదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి మొక్కినా, అసలు మొక్కకపోయినా సరే. ఆవిడ పేరు గిటెల్, మొర్దెకై కూతురు. ఒక్కసారి తలుచుకోండి.