పై అంచు చూడని ప్రణాళిక

మా పరిశోధనా గ్రంథాలయంలో లక్షా పదివేల సంపుటాలున్నాయి. వాటిలో ఏవి ముందు స్కాన్ చేయాలి, ఏవి తర్వాత, ఏవి అసలు అక్కర్లేదు అన్న ప్రణాళికంతా ఎనిమిది నెలలు కూర్చుని నేనొక్కదాన్నే తయారుచేశాను. అంత శుభ్రమైన ప్రణాళిక ఆ భవనంలో ఇంతకుముందు ఎవరూ రాయలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి.

అందులో నాకు బాగా నచ్చింది మూడో జాబితా. వేరే గ్రంథాలయాలు ఇప్పటికే స్కాన్ చేసేసిన పుస్తకాలవి, మూడు వేల నూట నలభై. మళ్లీ చేయడం దండగ. బుధవారం పదకొండింటికి కమిటీ సంతకం పెడితే అవి కాగితం మిల్లుకి పోతాయి, ఆ బీరువాల చోట్లోకి కెమెరాలు వస్తాయి. పుస్తకాలన్నీ ట్రాలీల మీద పేర్పించి కింది గదిలో సిద్ధంగా ఉంచాను.

ముందురోజు మధ్యాహ్నం, నేను ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు పట్టుకుని మా మామయ్య వచ్చాడు. అమ్మకి అన్న, మా ఇంట్లోనే ఉంటాడు. ముప్పై మూడేళ్లు ఇక్కడి బైండింగ్ గదిలో పనిచేసి రిటైరయ్యాడు. పాత సిబ్బందికి ఇప్పటికీ ఆయన సూది మామే.

"ఏంటే, వీటన్నిటినీ బయట కూర్చోబెట్టావు? ఏం తప్పు చేశాయి పాపం?"

"డూప్లికేట్లు మామయ్యా. పంపించేస్తున్నాం."

ఆయన ట్రాలీల పక్కన నెమ్మదిగా నడిచాడు. పుస్తకాల వెన్నుల మీద పేర్లు చదవలేదు. పైనుంచి వంగి కాగితాల అంచులు చూస్తూ పోయాడు. ఒకచోట ఆగి ఓ లావుపాటి పుస్తకం లాగాడు.

"ఇందులో ఎన్ని పుస్తకాలున్నాయి?"

"ఎన్నేంటి, ఒకటి. వంతెనల నిర్మాణం. కేటలాగులో ఉందిగా."

"ఆరు."

నాకు ఒళ్లు మండింది. ఎనిమిది నెలల పనికి వంక పెట్టడానికి ఈయనెవరు? ఆయన మాత్రం తీరిగ్గా తెరిచి చూపించాడు. రెండు వందల పేజీల దగ్గర వంతెనలు అయిపోయాయి. వెనక ఒక ఆసుపత్రి జ్వరాల నివేదిక, బావుల నీటిమట్టం కొలతలు, ఎవరో బడిపంతులు సొంత ఖర్చుతో అచ్చువేయించుకున్న పిట్టల జాబితా, ఇంకో రెండు. వాటిలో ఒక్కటీ మా కేటలాగులో లేదు. వేరేచోట దొరికే రకాలూ కావు.

"అప్పట్లో బీరువాలు చాల్లేదే," అన్నాడు మామయ్య. "సన్నవన్నీ లావు పుస్తకాల వెనక కలిపి కుట్టెయ్యమన్నారు. లోపల ఏముందో మాకనవసరం. పొడవూ వెడల్పూ కలిస్తే చాలు. వాటికి కేటలాగు కార్డులు తర్వాత రాయిస్తామన్నారు. ఎవరూ రాయలేదు."

వెన్ను మీది పేరు చూసి పుస్తకం ఒకటనుకున్నాను. అలా ఎన్నిటిని మిల్లుకి రాసేశానో! నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కేటలాగులో లేనిది పోయిందని ఎవరూ అడగరు. ఒక్క నిమిషం అలా ఆలోచించిన మాట నిజం. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు కమిటీలో లేచి నిలబడ్డాను. "మూడో జాబితా తప్పండీ. తప్పు నాదే."

"మరి ఎనిమిది నెలలు ఏం చేశారమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"వెన్నులు లెక్కపెట్టానండి."

ఎవరో కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చోలేదు.

"ఇప్పుడు మూడు వేలూ తెరిచి చూస్తారా? శుక్రవారం కెమెరాలు వస్తున్నాయి!" అన్నారు మళ్లీ డైరెక్టరుగారు.

"తెరవక్కర్లేదండి, రెండు రోజులు చాలు. రకరకాల కాగితం ఒకే రంగులో పాతబడదు. కలిపి కుట్టిన పుస్తకానికి పై అంచులో చారలు కనిపిస్తాయి. చారలున్నది ఒక్కటి కూడా గడప దాటనివ్వను."

"అది పోల్చగలిగేదెవరు?"

"కుట్టినాయనే."

డైరెక్టరుగారు రెండు రోజులిచ్చారు.

మామయ్య ముందు, చీటీలతో నేను వెనక. ఆయన ఒక్క ట్రాలీ దగ్గరా తడుముకోలేదు. నాలుగు వందల పన్నెండు సంపుటాలు పట్టాడు. నేను తెరిచి లెక్కపెడితే ఏ కార్డుకీ ఎక్కని చిన్న పుస్తకాలు దాదాపు రెండు వేలు తేలాయి. శుక్రవారం కెమెరాలు దిగేసరికి అవన్నీ మొదటి జాబితాలో ఉన్నాయి. ఈసారి కమిటీ మారుమాట లేకుండా సంతకం పెట్టింది.

పని అయ్యాక ఇద్దరం దుమ్ము చేతులు కడుక్కుంటుంటే, ఉండబట్టలేక నిలదీశాను.

"ఇంత సంగతి తెలిసి ఇన్ని నెలలూ నోరు మెదపలేదేం మామయ్యా? రోజూ పక్కపక్కనే కూర్చుని తింటున్నాం కదా!"

"నువ్వు కెమెరాల గురించి చెప్పేదానివి, నేను వినేవాణ్ణి." తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "ఇప్పటి పనుల్లో నాతో ఏం అవసరంలే అనుకున్నా. నువ్వూ ఏం అడగలేదు."

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉన్నా బాగుండేది. ముప్పై మూడేళ్లు ఆ పుస్తకాలు చేత్తో కుట్టిన మనిషి పక్కన ఎనిమిది నెలలు భోంచేశాను. ఆయన్ని నేను అడిగిందల్లా, ఇంకాస్త వడ్డించనా అని.