మర్నాటి పులుసు

ఆ తెల్లపొడి మళ్ళీ తీసింది, పేరు లేని ఆ పాత సీసాలోంచి చెంచాడు తీసి గ్లాసు నీళ్ళలో కలిపి నిన్నటి వంజరం చేపల పులుసులో పోస్తోంది అత్తగారు ఆదెమ్మ, గరిటె ఎంత నెమ్మదిగా తిప్పుతోందో, దొంగపని కాకపోతే అంత చప్పుడు లేకుండా ఎందుకు, అనుకుంది బ్లెస్సీ వంటింటి గుమ్మంలో నిలబడి మోచేతులు గోక్కుంటూ, తినకముందే దురద, ఏడు నెలలుగా ప్రతి సోమవారం ఇదే వరస, మొహం కందగడ్డలా అయిపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, పోయిన వారమైతే ఊపిరాడక ఆటోలో ఆస్పత్రికి, తిండిలో ఉండే హిస్టమిన్ మీకు పడటం లేదమ్మా అని డాక్టరమ్మ జాబితా రాసిచ్చింది, ఊరగాయలు, వంకాయ, టమాటా, నిల్వ చేపలు, చిక్కదనానికి కలిపే కొన్ని గమ్ములూ పొడులూ, కొందరికి అవీ పడవట, పొడులు అన్న మాట దగ్గరే బ్లెస్సీ మనసు ఆగిపోయింది, ఆ కాగితం అత్తగారికి చూపించలేదు, చూపిస్తే జాగ్రత్తపడిపోతుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే మొగుడు బెన్నీ పక్కన కూర్చుని తిన్న పులుసుకి ఏమీ కాదు, కొడుకు ముందు కలపదుగా, సోమవారం అతను హనుమాన్ జంక్షన్ డ్యూటీకి బస్సెక్కాక, ఇంట్లో ఇద్దరే మిగిలాకే ఇదంతా, పైగా ఆవిడ ఆ పులుసు ముట్టదు, మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ కోడలు తినేదాకా పక్కనే కూర్చుని చూస్తుంది, ఎంత నటన, అందుకే ఇందాకే మెసేజి పెట్టేసింది బెన్నీకి, మీ అమ్మ నాకేదో కలిపి పెడుతోంది, వేరే ఇల్లు చూస్తావా, నన్ను పుట్టింటికి పంపుతావా, అతనింకా చూడలేదు, ఇవాళ అడిగెయ్యాలి, అత్తయ్యా ఆ పొడేంటండీ, ఆదెమ్మ వెనక్కి తిరిగైనా చూడలేదు, బియ్యప్పిండేనమ్మా, నిన్న నీ ముందే కలిపాగా, నువ్వు ఉల్లిపాయలు కోస్తన్నావు, చిక్కగా లేకపోతే వాడికి ముద్ద దిగదు, ఇవాళ మిగిలింది నీకు చాలదని కాస్త పెంచుతన్నా.

నిన్నా కలిపిందా, నిన్న తిన్నానుగా, ఏమీ కాలేదుగా, మరి ఇది మీరెందుకు తినరు, ఆ మాటా బయటికి వచ్చేసింది, ఆదెమ్మ నవ్వింది, ఉన్నయ్యే రెండు ముక్కలైతే నేనేం తినను, పెళ్ళయిన కొత్తలో నువ్వే అన్నావు గదా, మర్నాటి పులుసంటే నాకు ప్రాణం అత్తయ్యా అని, అప్పట్నుంచీ నడుం ముక్కలు రెండూ నీకే తీసిపెడతన్నా, ఫ్రిజ్జులో పెడితే రుచి చస్తదని గట్టు మీదే ఉంచుతన్నా.

అన్నానా, అన్నాను, డాక్టరమ్మ వేలు ఆ కాగితం మీద ఎక్కడ ఆగిందో ఇప్పుడు గుర్తొస్తోంది, పొడుల దగ్గర కాదు, చేపల దగ్గర, చేప నిల్వ ఉండేకొద్దీ ఆ హిస్టమిన్ పెరుగుతుందమ్మా, ఎంత మరిగించినా పోదు, చేతిలో ఫోను మోగింది, బెన్నీ, చదివేశాడన్నమాట, ఆగి మళ్ళీ మోగుతోంది, ముళ్ళు చూసుకో తల్లీ అంటూ ఆదెమ్మ కంచంలో రెండు ముక్కలూ వేసి తన గిన్నెలోకి మజ్జిగ వంపుకుంటోంది, ఏడు నెలలుగా ఆవిడ నోరు కట్టుకుని పెట్టింది, తను నోరారా అడిగి పెట్టించుకున్నది, దాన్నే విషమని ఆవిడ కొడుక్కి రాసి పంపింది.